పాత వంటగది, చేతిలో లక్షన్నర: ముందు ఆ గట్టు పగలగొట్టకండి

నమస్తే అండీ. మీరు రాసింది రెండుసార్లు చదివాను. విజయవాడలో 1993లో కట్టిన ఫ్లాటు, రెండో అంతస్తు, వంటగది 8 బై 10, ఎల్ ఆకారంలో కడప బండ గట్టు, కింద గూళ్ళు కూడా కడప బండవే, పైన సిమెంటు అరలు, అటక, గోడకి అడుగున్నర ఎత్తున తెల్ల టైల్స్, నేల మొజాయిక్. మాడ్యులర్ కిచెన్ వాళ్ళొచ్చి టేపు పెట్టి కొలుచుకుని 4 లక్షల 60 వేలు చెప్పారు, మీ దగ్గరున్నది లక్షన్నర, మీవారు గట్టు మీద క్వార్ట్జ్ వేయిద్దాం అంటున్నారు, అత్తయ్యగారు స్టవ్వు ఆగ్నేయానికి మార్చాలంటున్నారు, మీకేమో గిన్నెలు తోమేసరికి నడుం పట్టేస్తోంది. ఇదేగా సంగతి. నేను 22 ఏళ్ళుగా ఈ బెజవాడ గుంటూరు చుట్టుపక్కల పాత ఇళ్ళ రిపేర్లే చేయిస్తున్నాను, మా నాన్న తాపీమేస్త్రీ, కాబట్టి కొంచెం సిమెంటు భాషలోనే చెప్తాను ఏమనుకోకండి.

లక్షన్నరలో బాగా అవుద్ది. కాకపోతే ఒక్క షరతు, ఆ గట్టు, ఆ గూళ్ళు, ఆ సిమెంటు అరలు ఉన్నవి ఉన్నట్టే ఉండాలి. మాడ్యులర్ వాళ్ళ 4 లక్షల 60 వేలల్లో పెద్ద భాగం ఏంటంటే మీకు ఆల్రెడీ ఉన్న రాతి గూళ్ళు పగలగొట్టి, ఆ చెత్త ట్రాక్టరుకెత్తి, అదే చోట చెక్క డబ్బాలు పెట్టడం. కడప బండకి చెద పట్టదు, నీళ్ళకి ఉబ్బదు, 30 ఏళ్ళు నిలబడింది ఇంకో 30 నిలబడుద్ది. దానికి ముందు తలుపులు లేకపోవడం వల్ల పాతగా కనపడుతోంది అంతే. వాటికి ఫ్రేము కట్టి షట్టర్లు బిగిస్తే బయటినుంచి చూసినోళ్ళకి మాడ్యులర్‌కి దీనికి తేడా తెలీదు. మా వాళ్ళు దీన్ని ఓన్లీ షట్టర్స్ పని అంటారు, మీ కార్పెంటర్‌కి ఆ మాట చెప్తే చాలు.

ఆ మిగిలిన డబ్బు గోడలోపలికి పోవాలి, అంటే వైరింగు, నీళ్ళ పైపులు, డ్రైనేజీ. ఎవరికీ కనపడదు, ఫోటోల్లో పడదు, అందుకే అందరూ దీన్నే వదిలేసి షట్టర్ల మెరుపు మీద పెడతారు, తర్వాత రెండేళ్ళకి కొత్త టైల్స్ పగలగొట్టి పైపు వెతుక్కుంటారు. ఇది నేను కనీసం పదిహేను ఇళ్ళల్లో చూసుంటాను.

ముందు కరెంటు. 93లో వంటగదికి ఒక ట్యూబులైటు, మిక్సీకి ఒక ప్లగ్గు, అంతే కదా ఇచ్చేది. ఇప్పుడు ఫ్రిజ్జు, మిక్సీ, గ్రైండరు, ఓవెన్, వాటర్ ప్యూరిఫైయరు, ఇండక్షన్ అన్నీ ఆ ఒక్క వైరు మీదే ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి లాగుతుంటాం. ఇండక్షన్ స్టవ్వు ఒక్కటే 2000 వాట్లు. మెయిన్ బోర్డు నుంచి వంటగదికి విడిగా ఒక లైను లాగించండి, 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, దానికి సొంత ఎంసీబీ, అంటే లోడు ఎక్కువైతే తనే పడిపోయే స్విచ్చు. 16 ఆంపియర్ల సాకెట్లు కనీసం మూడు, మామూలువి నాలుగు, గట్టు మీద చేతికందే ఎత్తులో, సింకుకి పొయ్యికి దూరంగా. మొత్తం ఇంటికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే కట్టయ్యే స్విచ్చు, లేకపోతే ఇప్పుడే పెట్టించేయండి, తడిచేత్తో మిక్సీ ముట్టుకునే చోటండీ ఇది. ఎర్తింగ్ ఉందో లేదో కూడా చూడమనండి, పాత ఫ్లాట్లలో మూడో కన్ను ఉంటది కానీ దాని వెనకాల వైరు ఉండదు. మెటీరియలూ కూలీ కలిపి 18 వేలు అనుకోండి.

ఇందులోనే లైటు సంగతి. మీ ట్యూబులైటు మీ వీపు వెనక గోడకి ఉంది కదా, అంటే కూర తరిగేటప్పుడు మీ నీడ మీ చాకు మీదే పడుతోంది. పైన సిమెంటు అర కింద అంచుకి రెండడుగుల ఎల్‌ఈడీ బ్యాటన్లు రెండు బిగించండి, ఒకటి మూడు నాలుగొందలు. ఈ మొత్తం పనిలో పెట్టిన రూపాయికి ఎక్కువ తేడా కనపడేది ఇదే.

తర్వాత నీళ్ళు. ఆ కాలం జీఐ, అంటే జింకు పూత ఇనప పైపులే అయ్యుంటాయి, బయట బానే ఉంటాయి, కోసి చూస్తే లోపల తుప్పుపట్టి చిటికెనవేలు పట్టేంత సందే మిగిలుంటది, అందుకే మీ సింకు పంపు అంత సన్నగా పోస్తోంది, పంపు మార్చినా అంతే. సీపీవీసీకి, అంటే తుప్పుపట్టని ప్లాస్టిక్ పైపులకి మార్చేయండి. దీనికి గోడ కొట్టాల్సిన పని లేదు, గట్టు కింద గూళ్ళ వెనకగోడకి ఆనించి క్లాంపులేసి బయటే తీసుకెళ్ళమనండి, షట్టర్లు వచ్చాక కనపడదు, రేపు లీకైతే చేత్తో అందుద్ది. గోడ కొడతానని పట్టుబట్టే ప్లంబరు వస్తే వేరే ఆయన్ని చూసుకోండి. ట్యాంకు వాల్వు కట్టాలి కాబట్టి అపార్ట్‌మెంటు వాళ్ళకి ముందురోజే చెప్పండి. పని అయ్యాక పంపులన్నీ కట్టేసి ఒక రాత్రంతా లైన్లో నీళ్ళు నిలబెట్టి జాయింట్ల కింద పాత పేపరు పరిచి ఉంచండి, పొద్దున్నే ఆ పేపరు తడవకుండా ఉంటేనే ప్లంబరుకి డబ్బులు.

సింకు మాత్రం చోటు మార్చకండి. స్టవ్వు మార్చడం తేలికే, సింకు మార్చడం అంటే దాని డ్రైన్ పైపు మార్చడం, ఆ పైపుకి ప్రతి నాలుగడుగులకి ఒక అంగుళం వాటం ఉండాలి, ఆ వాటం కోసం నేల తవ్వాలి, తవ్వితే మొదటి అంతస్తు వాళ్ళ సీలింగు మీద మచ్చ, ఆ తర్వాత జరిగేది మీకు తెలుసు. అత్తయ్యగారు అడిగింది స్టవ్వే కాబట్టి హాయిగా మార్చుకోండి, కాకపోతే గ్యాసు రబ్బరు గొట్టం మీటరున్నర దాటకూడదు, గోడలోంచీ గూట్లోంచీ కనపడకుండా తీసుకెళ్ళకూడదు. దూరం ఎక్కువైతే రాగి పైపు లైను వేయించుకోవాలి. సిలిండరు గట్టు కింద గూట్లో పెట్టి షట్టరు వేసేటట్టయితే ఆ షట్టరుకి అడుగున గాలి పోయేలా కన్నాలుండాలి, పైన ఉంటే చాలదండీ అడుగున ఉండాలి, ఎందుకంటే ఎల్పీజీ గాలికంటే బరువు, లీకైతే నేలమీద పేరుకుంటది. ఈ ఒక్క విషయంలో అందం చూడొద్దు. గొట్టం మీద ఐఎస్‌ఐ గుర్తు, తేదీ ఉంటాయి, ఐదేళ్ళు దాటిందేమో ఇవాళే చూడండి.

సింకు పైపు నేల మీది నాని ట్రాపులోకి, అంటే నీళ్ళు పోయే జాలీ కన్నంలోకి ఊరికే దూర్చి వదిలేసి ఉంటది చూడండి, బొద్దింకలు వచ్చేది అక్కణ్ణుంచే. సింకు కింద బాటిల్ ట్రాపు, అంటే కొంచెం నీళ్ళు నిలిచి వాసనా పురుగులూ పైకి రాకుండా ఆపే సీసాలాంటి ముక్క పెట్టించి, పైపు ట్రాపులోకి దిగే చోట సందు లేకుండా రబ్బరు గ్రోమెట్ (రింగు) వేయించండి. సింకు 24 బై 18 సరిపోద్ది, 304 గ్రేడు స్టీలు. షాపులో అయస్కాంతం పెట్టి అతుక్కోలేదు కాబట్టి 304 అని చూపిస్తారు, 202 గ్రేడుకి కూడా అతుక్కోదు, కాబట్టి ఆ టెస్టు సగమే పనిచేసుద్ది, బిల్లు మీద గ్రేడు రాయించుకోండి. సింకు, పంపులు, పైపులు, కూలీ అన్నీ 20 వేలు.

ఇప్పుడు మీ నడుం. మీ ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు అన్నారు, గట్టు 29న్నర అన్నారు. ఇంటీరియర్ వాళ్ళందరూ 34 అంగుళాలు 34 అంగుళాలు అంటారు కానీ వంటగదిలో పని ఒక ఎత్తులో జరగదు. స్టవ్వు దగ్గర గట్టు మీద స్టవ్వు, దానిమీద గిన్నె, అంటే గరిటె తిప్పే చెయ్యి గట్టుకంటే ముప్పావు అడుగు నుంచి అడుగు పైన ఉంటది, అక్కడ పాత గట్టు ఎత్తే సుఖం, కుక్కరు దించేటప్పుడు తెలుసుద్ది. తరిగే చోట ఇంకో రెండు మూడు అంగుళాలు కావాలి. సింకు దగ్గర మాత్రం మీ చెయ్యి గట్టుకంటే ఎనిమిది అంగుళాలు కిందకి పోతోంది, నడుం విరిగేది అక్కడే, స్టవ్వు దగ్గర కాదు. ఇప్పుడు పదంగుళాల లోతు సింకులు ఫ్యాషనైపోయాయి, అవి కొనకండి, ఏడెనిమిది అంగుళాల లోతుది తీసుకోండి. పాత బండ మీద అంగుళంన్నర సిమెంటు మాలు పరిచి దానిమీద గ్రానైటు వేస్తే గట్టు 31న్నర దాటుద్ది. తరగడానికి రెండంగుళాల మందం చెక్కపీట ఒకటి పెట్టుకుంటే అది 33న్నర అయిపోయింది. అత్తయ్యగారు పొట్టి అన్నారు కాబట్టి ఇంతకంటే పెంచొద్దు, ఆవిడ కూడా వండాలిగా.

మాలు వేసేముందు పాత బండ ఎక్కడన్నా పగుళ్ళిచ్చిందేమో కింద టార్చి వేసి చూడమనండి. పగులుంటే అక్కడ ఒక ఇటుక కాలు కట్టుకుంటే సరి.

క్వార్ట్జ్ గురించి మీవారికి చెప్పండి, అది రాతిపొడిని రెసిన్‌తో కలిపి చేసేది, పొయ్యి మీంచి దించిన మూకుడు డైరెక్టుగా పెడితే మచ్చ పడొచ్చు, మన వంటలకి మన చేతులకి అది కుదరదు. మార్బుల్ అయితే నిమ్మరసం, చింతపండు పులుసు పడ్డచోటల్లా మెరుపు పోద్ది, మీ కడప బండ కూడా సున్నపురాయే కాబట్టి ఇన్నాళ్ళూ దానిమీద తెల్ల మచ్చలు పడింది అందుకే. గ్రానైటుకి ఆ బాధ లేదు. మన ప్రకాశం జిల్లా చీమకుర్తి రాయి దేశాలు దాటి పోతోంది, మనం క్వార్ట్జ్ కోసం చూస్తున్నాం. గెలాక్సీ అనే అక్కడి చుక్కల నల్ల గ్రానైటు ఖరీదెక్కువ, మీకు అక్కర్లేదు, సాదా నలుపో బూడిదరంగుదో చదరపు అడుగు 150, 160లో దొరుకుద్ది. మీకు కావాల్సింది ముందు పట్టీతో కలిపి 36 అడుగులే, కాబట్టి యార్డులో పెద్ద పలకలు కాకుండా మిగిలిన కట్ పీసులు ఎక్కడున్నాయో అడగండి, ఇంకా తగ్గుద్ది. నల్లది తీసుకుంటే ఒక పని చేయండి, తెల్లగుడ్డ మీద కాస్త థిన్నరు పోసి ఒక మూల రుద్దండి, గుడ్డ నల్లగా అయితే అది రంగేసిన రాయి, ఆరు నెలల్లో వెలిసిపోద్ది. రాయి, అంచు మోల్డింగు, సింకు కటింగు, పరిచే కూలీ అంతా 12 వేలు.

గోడ టైల్స్ కూడా పగలగొట్టక్కర్లేదు. ఉన్న టైల్స్‌ని చాకు పిడితో ఒక్కొక్కటే తట్టండి, డబడబా డొల్ల శబ్దం వచ్చినవి మాత్రం ఊడదీసి మాలు పూసి, మిగతావాటి మీదే కొత్తవి అంటించేయొచ్చు. మామూలు సిమెంటుతో కాదు, టైల్ మీద టైల్ కోసం అమ్మే అడ్హెసివ్ ఉంటది, బ్యాగు మీద రాసుంటది. కరెంటు వైర్లకి గోడలో కొట్టే గాడులు పాత టైల్స్ మీదుగానే కొట్టేయమనండి, కొత్త టైల్ కప్పేసుద్ది, అందుకే వైరింగు ముందు అవ్వాలంటున్నాను. ఇక్కడ అందరూ మర్చిపోయేది ఒకటుంది, గోడ అర అంగుళం ముందుకొస్తే స్విచ్ బోర్డు బాక్సు, గోడపంపు మొన లోపలికి పోతాయి, బాక్సుకి పొడవు స్క్రూలు, పంపుకి ఎక్స్‌టెన్షన్ నిపుల్ (పొడవు పెంచే చిన్న పైపు ముక్క) ముందే తెచ్చిపెట్టుకోండి, లేకపోతే పని మధ్యలో ఆపి మేస్త్రీ బీడీ కాలుస్తూ కూర్చుంటాడు, ఆ రోజు కూలీ మీదే. సందుల్లో తెల్ల సిమెంటు వద్దు, పసుపు పట్టేసుద్ది, కనీసం పొయ్యి వెనకాల అయినా ఎపాక్సీ గ్రౌటు, అంటే సందులు పూడ్చే రెసిన్ మాలు వేయించండి. 30 అడుగుల పని, 6 వేలు. ఒకవేళ గోడకి నిమ్ము ఉండి పెయింటు పొరలు లేస్తుంటే, ఉప్పు పూస్తుంటే మాత్రం ఆగండి, ఆ గోడకి అవతల బాత్రూమ్ ఉందేమో చూసుకుని ముందు ఆ లీకు సంగతి తేల్చాకే టైల్స్.

మొజాయిక్ తీసేద్దామని రాశారు, మీరు రాసిన వాటిల్లో నాకు కోపం వచ్చింది ఈ మాటకే. పాలిషింగ్ మిషను పెట్టి రాళ్ళు మార్చి మార్చి పట్టిస్తే అది మళ్ళీ కొత్తదానిలా వచ్చేసుద్ది. మీ వంటగది ఒక్కటే అంటే చిన్న పని కాబట్టి మిషను వాళ్ళు మినిమమ్ అడుగుతారు, 5 వేలు అనుకోండి, హాలు కూడా కలిపి మాట్లాడుకుంటే లాభం. బురద బురద అవుద్ది, షట్టర్లు బిగించకముందే చేయించండి.

ఇక షట్టర్లు. ఇక్కడ నా సొంత కథ ఒకటి. 2012లో మా ఇంట్లో నేనే, ఇన్ని ఇళ్ళు చేయించినోణ్ణి, మా ఆవిడ ముచ్చట పడిందని ఒక షోరూములో రెడీమేడ్ డబ్బాలు కొన్నాను. లోపల ఏముందో అడగలేదు, పైన మెరుపు చూసి పడిపోయాను. రెండో వర్షాకాలానికి సింకు కింద అడుగు చెక్క ఇడ్లీలా ఉబ్బి, మేకుల దగ్గర పొడిపొడిగా రాలింది, చూస్తే రంపంపొడి నొక్కిన బోర్డు. మా ఆవిడ ఇప్పటికీ ఎవరన్నా కస్టమరు ఇంటికొస్తే ఆ కథే చెప్తది. కాబట్టి 18 ఎంఎం ప్లైవుడ్ మీద ఐఎస్ 710 అని ముద్ర ఉండాలి, అది బీడబ్ల్యూపీ, అంటే మరిగే నీళ్ళని కూడా తట్టుకునే రకం. ఐఎస్ 303 అని ఉంటే అది తక్కువ రకం, ఊరికే వాటర్‌ప్రూఫ్ అని నోటిమాట చెప్తే నమ్మొద్దు. బయట 1 ఎంఎం లామినేటు, లోపలవైపు కూడా పల్చటి లామినేటు తప్పనిసరి, ఒకవైపే అంటిస్తే షట్టరు వంకర తిరుగుద్ది. సింకు కింద మాత్రం అసలు చెక్కే వద్దు, పీవీసీ షట్టరో అల్యూమినియం ఫ్రేములో షీటో పెట్టించండి. షట్టర్ల అడుగు నేలకి నాలుగంగుళాల పైన ఆగాలి, చీపురూ తడిగుడ్డా తగలకుండా. రంగు లేతగా, మ్యాట్‌లో తీసుకోండి, అద్దంలా మెరిసే ముదురురంగు వేసుకున్నోళ్ళు రోజూ నూనె వేళ్ళు తుడవలేక ఏడుస్తున్నారు.

కింద 34 చదరపు అడుగులు వస్తది, 750 లెక్కన 25 వేల 500. పైన సిమెంటు అరలకి 20 అడుగులు, 15 వేలు. కొలత షట్టరు ముందుభాగం మాత్రమేనని, హింజీలు హ్యాండిళ్ళు అందులోనేనని కాగితం మీద రాయించుకోండి, రన్నింగ్ ఫుట్ (పొడవు మాత్రమే కొలిచేది) అని ఒకసారి చదరపు అడుగు అని ఒకసారి మాట మార్చే చోటే డబ్బులు పోతాయి. మూడు స్టీలు బుట్టలు పెట్టించుకోవచ్చు, 12 వేలు. బుట్టలు 15, 17, 19, 21 అంగుళాల వెడల్పుల్లో వస్తాయి, గూడు కొలిచి ముందే కొనేయకండి, ఫ్రేము కట్టాక రెండువైపులా కొంత తినేసుద్ది, షట్టరు తెరిచినప్పుడు హింజీ కొంత అడ్డమొస్తది, అదంతా అయ్యాక టేపు పెట్టి అప్పుడు షాపుకి వెళ్ళండి. బుట్ట జారే చానల్ రాతిగోడకి నేరుగా నిలవదు, ముందు ప్లైవుడ్ పట్టీ యాంకర్ బోల్టులతో బిగించి దానికి చానల్ కొట్టాలి.

చిమ్నీకి 12 వేలు పెట్టాను. మన పోపులకి గంటకి 1000 నుంచి 1200 క్యూబిక్ మీటర్లు లాగేది కావాలి, పొయ్యికి 26 నుంచి 30 అంగుళాల ఎత్తులో, గొట్టం ఎంత తక్కువ మలుపులతో బయటికి పోతే అంత మంచిది, మూడు మలుపులు తిప్పితే ఎంత ఖరీదు చిమ్నీ అయినా మూలుగుద్ది అంతే. ఇది ఇప్పుడు కాకపోయినా పర్లేదు, ప్లగ్గూ గోడకి గొట్టం కన్నం మాత్రం ఇప్పుడే పెట్టించేసి, చిమ్నీ దసరాకి కొనుక్కోండి. పెయింటుకి 6 వేలు, చెత్త మోయించడం చిల్లరమల్లర 5 వేలు.

మొత్తం వేసి చూడండి, లక్షా 36 వేల 500. మిగిలిన 13 వేల 500 ముట్టుకోవద్దు, పాత ఇల్లు ఏదో ఒకచోట అడుగుద్ది. రేట్లు నేను ఈమధ్య మా సైట్లలో ఇచ్చినవి, మీ దగ్గర కొంచెం అటూఇటూ ఉంటాయి. అందరికీ గుత్తకి ఇచ్చినా పని అయ్యేదాకా పదో వంతు డబ్బు మీ దగ్గరే ఉండాలి.

టైము ఇరవై రోజులు పడుద్ది. వైరింగు, పైపులు, గాడులు పూడ్చడం, గ్రానైటు, దానిమీదకి టైల్స్, మొజాయిక్ పాలిష్, పెయింటు, ఆఖర్న షట్టర్లు, ఈ వరస తప్పొద్దు. ఆ ఇరవై రోజులు హాల్లో ఒక మూల ఇండక్షను స్టవ్వు, ఒక కుక్కరు, ఒక మూకుడు, పోపుడబ్బా చాలు. ఎండాకాలంలో మాత్రం మొదలెట్టకండి, ఆవకాయ టైముకి వంటగది లేకపోతే అత్తయ్యగారు నన్ను తిడతారు. పని మొదలయ్యే ముందు ఆదివారం ఒకటి ఖాళీ చేసుకుని అటక మొత్తం దించండి. మూతలు లేని డబ్బాలు, డబ్బాలు లేని మూతలు, కాలిపోయిన మిక్సీ రెండు, పెళ్ళిలో వచ్చిన స్టీలు బేసిన్లు అన్నీ దిగుతాయి, అవి పోతే పైన అరలకి షట్టర్లు సగానికే సరిపోవచ్చు. ఇత్తడి బిందెలు మాత్రం పాతసామాన్ల వాడికి వెయ్యొద్దు.

ఒక్క పని ముందు చేయండి. రేపు పొద్దున ఎలక్ట్రీషియన్ని పిలిచి మెయిన్ బోర్డు మూత తీయించి లోపల వైరు రాగిదో అల్యూమినియందో చూసి నాకు చెప్పండి. ఆ కాలంలో కొందరు బిల్డర్లు అల్యూమినియం వేసేశారు. అదే అయితే పైన చెప్పిన 18 వేలు సరిపోదు, చిమ్నీ డబ్బులు అటు తిప్పాల్సొస్తది.